చుట్టాన్ని ఏమని పిలవాలో తేల్చుకునే లెక్క

పెళ్లిళ్ల రోజులొచ్చాయంటే మా బంధువుల్లో కుర్రకారంతా నాకు ఫోన్ చేస్తారు. "పెద్దమ్మా, ఫలానా ఊరి వాళ్లకి శుభలేఖ ఇవ్వాలి, వాళ్లు మనకేమవుతారు?" అని. నేను తెనాలి పక్క పల్లెలో పుట్టి, జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. వరసలు బట్టీ పట్టాలంటే నావల్ల కూడా కాదు. కట్టుకుంటూ పోతే మాత్రం ఏడో తరగతి పిల్లలకీ వస్తాయి, ప్లస్సూ మైనస్సూ తెలిస్తే చాలు. ఆ పద్ధతి రాస్తున్నాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ఎదురుగా ఉన్న మనిషి మీకేమవుతాడని బుర్ర బద్దలు కొట్టుకోకండి. మీ అమ్మకో నాన్నకో ఏమవుతాడో కనుక్కోండి. పెద్దవాళ్లు "నువ్వెవరబ్బాయివిరా?" అని అడిగేది అందుకే. మీ నాన్న పేరు దొరికితే ఒక మెట్టు పైకెక్కి అక్కణ్ణుంచి మొదలుపెడతారు.

అమ్మానాన్నల తరంలో ఏ చుట్టమైనా వాళ్లకి రెండు రకాల్లో ఒకటవుతాడు. ఒకటి తోబుట్టువుల వరస: అన్న, తమ్ముడు, అక్క, చెల్లి. ఇంకోటి బావామరదళ్ల వరస: బావ, బావమరిది, మరిది, వదిన, మరదలు, ఆడపడుచు. తోబుట్టువు వరసైతే ప్లస్ వేసుకోండి, బావామరదళ్ల వరసైతే మైనస్. ఇప్పుడు రెండో గుర్తు. మీరు అమ్మ వైపు నుంచి కడుతుంటే అమ్మనీ, నాన్న వైపు నుంచైతే నాన్ననీ తీసుకుని ఆ చుట్టం పక్కన పెట్టి చూడండి. ఇద్దరూ మగవాళ్లో, ఇద్దరూ ఆడవాళ్లో అయితే ప్లస్. ఒకరు ఆడ, ఒకరు మగ అయితే మైనస్. రెండు గుర్తుల్నీ గుణించండి. ప్లస్ వస్తే ఆ మనిషి పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని, వీళ్లలో ఒకరు. మైనస్ వస్తే మామయ్యో అత్తయ్యో.

తెలిసినవాళ్లతో సరిచూసుకుందాం. నాన్న చెల్లెలు తోబుట్టువు, ప్లస్. నాన్న మగ, ఆవిడ ఆడ, మైనస్. వెరసి మైనస్, అత్తయ్య. అమ్మకి మరిది ఉన్నాడనుకోండి. మరిది కాబట్టి మైనస్, అమ్మ ఆడ ఆయన మగ కాబట్టి ఇంకో మైనస్. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, కాబట్టి బాబాయి. ఆయన నాన్నకి తమ్ముడే కదా, అటు నుంచి కట్టినా ప్లస్ ఇంటూ ప్లస్, బాబాయే. ఏ దారిన పోయినా జవాబు ఒకటే వస్తోందంటే లెక్క సరైందన్నమాట. నాన్నకి మరదలు? మైనస్, మైనస్, పిన్ని. ఆ మరదలు నాన్న తమ్ముడి భార్య అయినా, అమ్మ చెల్లెలే అయినా మీకు పిన్నే.

పెద్దా చిన్నా తేడా మీ వయసుని బట్టి రాదు, మీ అమ్మానాన్నల వయసుని బట్టి వస్తుంది. నాకంటే మూడేళ్లు చిన్నవాడైన బాబాయి ఒకడున్నాడు. ఇప్పటికీ బాబాయి అనే పిలుస్తాను, వాడు నన్ను "అమ్మాయ్" అంటాడు. వాడికి అదో దర్జా.

ఇక మెట్టు దిగడం. పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని, వీళ్ల పిల్లలు మీకు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ. మామయ్య, అత్తయ్య పిల్లలు బావలూ వదినలూ మరదళ్లూ. ఇక్కడ మాత్రం పెద్దా చిన్నా మీ వయసుతోనే తేల్చుకోవాలి. మీ కింది తరానికీ ఇదే సూత్రం, నాన్న స్థానంలో మిమ్మల్ని పెట్టుకోండి చాలు. ప్లస్ వస్తే కొడుకూ కూతురూ, మైనస్ వస్తే మేనల్లుడూ మేనకోడలూ. అందుకే మగవాడికి అన్న పిల్లలు సొంత పిల్లల లెక్క, అక్క పిల్లలు మేనల్లుళ్లు. ఆడదానికి సరిగ్గా తిరగేసి. తాతల తరానికీ మనవల తరానికీ ఈ గొడవ లేదు. అమ్మ నాన్నా తాతే, నాన్న నాన్నా తాతే. కూతురు కొడుకూ మనవడే, కొడుకు కొడుకూ మనవడే.

సులువైనవి అయిపోయాయి, అసలైన లెక్క ఒకటి చేద్దాం. పెళ్లి పందిట్లో ఒకాయన వచ్చి, "నేను మీ నాయనమ్మ పినతల్లి మనవణ్ణి" అన్నాడు. మీరేం చేస్తారు? చాలామంది "ఓహో, అలాగాండీ, భోంచేశారా?" అని తప్పించుకుంటారు. వదలకండి. ఒక్క ప్రశ్న అడగండి: "కొడుకు కొడుకా అండీ, కూతురు కొడుకా?"

కొడుకు కొడుకనుకోండి. నాయనమ్మకి పినతల్లి కొడుకంటే తమ్ముడి వరస. నాయనమ్మ తమ్ముడు మీ నాన్నకి మేనమామ. మేనమామ కొడుకు నాన్నకి బావ. బావ కాబట్టి మైనస్, ఇద్దరూ మగవాళ్లు కాబట్టి ప్లస్, వెరసి మైనస్. పందిట్లో నిలబడ్డాయన మీకు మామయ్య. ఆయన పక్కన నిలబడ్డ కూతురు మీకు మరదలో వదినో. ఇప్పుడు కూతురు కొడుకనుకోండి. నాయనమ్మకి పినతల్లి కూతురు చెల్లెలు, మీ నాన్నకి పిన్ని, ఆ పిన్ని కొడుకు నాన్నకి తమ్ముడు. ప్లస్ ఇంటూ ప్లస్, మీకు బాబాయి. ఆయన కూతురు మీకు చెల్లెలు. మనిషి అదే, పినతల్లీ ఆవిడే. మధ్యలో ఒక్కచోట కొడుకు బదులు కూతురు వచ్చేసరికి పెళ్లాడదగిన పిల్ల కాస్తా రాఖీ కట్టే పిల్లయింది. పెద్దవాళ్లు ఈ ప్రశ్న అంత పట్టుగా ఎందుకు అడుగుతారో ఇప్పుడు అర్థమైందా? వాళ్లు మీకు సంబంధం చూస్తున్నారు.

ఈ గుర్తులన్నీ అక్కడికే చేరతాయి. అన్నదమ్ముల పిల్లలు ఒక జట్టు, వాళ్లలో వాళ్లకి పెళ్లి మాట తలపెట్టకూడదు. అన్నాచెల్లెళ్ల పిల్లలు రెండు జట్లు, వాళ్లకి ఇచ్చిపుచ్చుకోవచ్చు. అలా ఇచ్చిపుచ్చుకుంటే మేనరికం. మా కోడలు లక్నో పిల్ల. వాళ్లకి చాచా, మామా, బువా, మౌసీ అని మనకంటే విడివిడిగానే పేర్లున్నాయి. కానీ వాళ్లందరి పిల్లలూ భాయీ బెహెన్లే. మావాడి మేనత్త కొడుకుని 'బావ' అని పరిచయం చేస్తే, "ఎవరి చెల్లెల్ని చేసుకున్నాడు?" అని అడిగింది. ఎవర్నీ చేసుకోలేదమ్మా, చేసుకునే హక్కుతో పుట్టాడంతే అన్నాను. కొత్తకోడలికి అంతకంటే పెద్ద వింత, నన్ను అత్తయ్య అనాలి, మేనత్తనీ అత్తయ్యే అనాలి, మేనమామ భార్యనీ అత్తయ్యే అనాలి. వాళ్లలో సాస్ వేరు, బువా వేరు, మామీ వేరు. మనకి వేరు మాట అక్కర్లేకపోయింది, ఎందుకంటే పిల్ల వెళ్లేది ఎటూ ఒక అత్త ఇంటికే అని మన పూర్వులు ముందే అనుకున్నారు. అదే పెళ్లికి ముందు అత్త, పెళ్లయ్యాక కూడా అత్త.

ఇది నిన్నమొన్నటిది కాదు. బౌధాయన ధర్మసూత్రం దక్షిణాది వాళ్లకే ఉన్న ఆచారాలు చెబుతూ మేనమామ కూతురినీ మేనత్త కూతురినీ చేసుకోవడాన్ని లెక్కేసింది. కుంతి వసుదేవుడి తోబుట్టువు కాబట్టి సుభద్రని చేసుకోకముందు కూడా అర్జునుడు కృష్ణుడికి బావే అని మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. మన తమిళ, కన్నడ సోదరులవీ ఇంచుమించు ఇవే లెక్కలు. 1871లో మోర్గన్ అనే అమెరికన్ లాయరు ప్రపంచం నలుమూలల చుట్టరికపు మాటలు పోగేసి పుస్తకం వేశాడు. న్యూయార్క్ ప్రాంతపు సెనెకా అనే ఆదివాసీ జాతివాళ్ల మాటల అమరికకీ మన తమిళ, తెలుగు మాటల అమరికకీ పోలిక కనపడి ఆశ్చర్యపోయాడు. ఊళ్లో మన ముస్లింలకి మాత్రం ఈ లెక్క పనిచేయదు, వాళ్లకి చిన్నాన్న కూతురితో కూడా పెళ్లి కుదురుతుంది.

మేనరికం మంచిదా చెడ్డదా అని నన్నడగొద్దు, గర్భిణీకి మొదటి పరీక్షలోనే డాక్టరు "మేనరికమా?" అని ఎందుకడుగుతుందో ఆవిడనే అడగండి. బావామరదళ్లకి జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటుంది, మేనమామకీ మేనకోడలికీ నాలుగో వంతు. ఒకటే జబ్బు ఇద్దరిలోనూ దాగి ఉంటే పిల్లల్లో బయటపడే అవకాశం పెరుగుతుంది. నా తరంలో వీధికి నాలుగు మేనరికాలుండేవి. నా క్లాసుల్లో చదువుకున్న పిల్లల తరానికి వచ్చేసరికి ఎవరైనా చేసుకుంటే "ఇంకా చేస్తున్నారా?" అంటున్నారు. చట్టం సంగతి కూడా విచిత్రం. 1955 హిందూ వివాహ చట్టం అన్నదమ్ముల పిల్లలనీ, అక్కచెల్లెళ్ల పిల్లలనీ, అన్నాచెల్లెళ్ల పిల్లలనీ ఒకే గాటన కట్టి అందరికీ పెళ్లి కూడదంది. ఆచారం ఒప్పుకుంటే తప్ప, అని ఒక మినహాయింపు పెట్టింది. మన మేనరికాలన్నీ ఆ మినహాయింపు నీడన నడిచినవే.

లెక్క ఎక్కడ చిక్కుపడుతుందంటే ఇలాంటి పెళ్లిళ్ల దగ్గరే. మా పెద్దమ్మ కూతుర్ని ఆ పెద్దమ్మ తమ్ముడికే ఇచ్చారు. వాళ్లకో కొడుకు పుట్టాడు. ఇప్పుడు మా పెద్దమ్మ వాడికి అమ్మకి అమ్మ, అంటే అమ్మమ్మ. నాన్నకి అక్క కూడా, అంటే మేనత్త. పెద్దమ్మ కొడుకు వాడికి అమ్మ తమ్ముడు, మేనమామ. మేనత్త కొడుకు కూడా, అంటే బావ. పిల్లాడు పెద్దమ్మని అమ్మమ్మ అన్నాడు, ఆవిడ కొడుకుని మామయ్య అన్నాడు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ కాదనలేదు. ఇలా రెండు వరసలు తగిలితే రెండింట్లో ఎక్కువ పెద్దరికం ఇచ్చేదే నిలుస్తుంది. పెళ్లితో కొత్త వరస వచ్చినప్పుడు మాత్రం కొత్తదే చెల్లుతుంది. నిన్నటిదాకా 'అక్కా' అన్న మనిషి మేనమామని చేసుకుని పెళ్లిపీటల మీంచి లేచాక, తమ్ముడు ఆవిణ్ణి అత్తయ్యా అనాల్సిందే, నోరు తిరగడానికి ఏడాది పట్టినా సరే.

ఎవరేమవుతారో తేలాక, ఎవరి దగ్గర ఎలా ఉండాలో కూడా వరసే చెబుతుంది. ప్లస్ వాళ్ల దగ్గర మర్యాద, మైనస్ వాళ్ల దగ్గర సరసం. బావని ఆటపట్టించొచ్చు, పెదనాన్న కొడుకుని ఆటపట్టించినా ఆ మాటలు వేరు. కాలేజీ కుర్రాళ్లు ఒకళ్లనొకళ్లు "మామా", "బావా" అనుకుంటారు, "బాబాయి కొడకా" అనుకోరు, గమనించారా? చనువు ఉన్నదంతా అటే ఉంది. ఆడపిల్ల బస్సులో కొత్తవాణ్ణి "అన్నయ్యా, కొంచెం జరగండి" అంటుంది. ఆ మాటతో గీత గీసేసినట్టే.

పనులూ అంతే. పిల్లకి చెవులు కుట్టేటప్పుడు మేనమామ ఒళ్లో కూర్చోబెడతారు. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు మొదటి కత్తెర మేనమామది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామలు. మా వైపు కొత్త దంపతులు గడప దాటబోతుంటే పెళ్లికొడుకు అక్కో చెల్లెలో అడ్డం నిలబడుతుంది. పేర్లు చెప్పిస్తుంది. తర్వాత, "నీకు కూతురు పుడితే నా కొడుక్కిస్తావా?" అని అడుగుతుంది. ఇస్తానన్నాకే దారి వదులుతుంది, కట్నం కూడా పుచ్చుకుని. ఈ మధ్య ఒక పెళ్లిలో ఆడపడుచు ఆ ప్రశ్న అడిగితే పెళ్లికూతురు, "మా అమ్మాయి ఒప్పుకుంటే చూద్దాం వదినా" అంది. పందిరంతా నవ్వింది, ఆడపడుచు కూడా నవ్వి తప్పుకుంది.

ప్లస్ జట్టులోనే నాన్న వైపు మగవాళ్లకి ఇంకో పేరుంది, దాయాదులు. పాలివాళ్లనీ అంటారు. బావ బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అని సామెత. కారణం పొలం. తాత ఆస్తి అన్నదమ్ములు పంచుకుంటారు, వాళ్ల పిల్లలు మళ్లీ పంచుకుంటారు. ఒకరు తగ్గితే మిగిలినవాళ్ల వాటా పెరుగుతుంది. బావకి ఆ పొలంలో వాటా లేదు, కాబట్టి కోర్టు మెట్ల దగ్గర తోడొచ్చేది బావే. ఎవరైనా పోయినప్పుడు మైల చూడండి. దాయాదులకి పది రోజులు, పెళ్లై వెళ్లిన ఆడపిల్లకి మూడు. కన్నకూతురికి మూడు రోజులేమిటని నా చిన్నప్పుడు మా అమ్మనడిగితే, "అది ఇప్పుడు వాళ్లింటి మనిషి" అంది. అక్కడ ఆడపిల్లని ఏ ఖాతాలో రాశారో చూసుకోండి. కొడుకుల్లేని ఇంట్లో ఆ ఖాతా తిరగరాసేవాళ్లు. అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని ఇల్లటం ఉంచుకునేవాళ్లు. కమ్మ, రెడ్డి కుటుంబాల్లో ఇల్లటపు అల్లుడికి కొడుకులాగే ఆస్తి వస్తుందని మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లోనే కోర్టులు ఒప్పుకున్నాయి. అయినా ఊళ్లో "ఇల్లరికం అల్లుడు" అంటే ఆ గొంతులో ఒక వెటకారం ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చేసిన సవరణతో, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. లెక్క ప్రకారం ఇప్పుడు అక్కచెల్లెళ్లు కూడా దాయాదులే. ఆ తర్వాత మా చుట్టాల్లో అక్కలతో రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు వదులుకున్నట్టు సంతకాలు పెట్టించుకున్న తమ్ముళ్లని చూశాను. సంతకం పెట్టనన్న అక్కని పండక్కి పిలవడం మానేసిన ఇళ్లనీ చూశాను. బావ బతకగోరే సామెతకి అక్కడ చిల్లు పడింది.

ఊళ్లోకి వెళ్లినప్పుడు చుట్టరికం లేని ఇళ్లకీ వరసుంటుందని మర్చిపోకండి. కమ్మరాయన బాబాయి, కుమ్మరి ఇంటావిడ అత్త. వేరే కులాల వాళ్లైనా తరాల తరబడి అదే వరస నడిచింది. కానీ ఆ వరస దళితవాడ మొదట్లో ఆగిపోయేది. తాత వయసున్న పాలేరుని ఆసామి ఇంటి పదేళ్ల పిల్లలు పేరు పెట్టి "ఒరే" అనేవాళ్లు, ఆయన వాళ్లని "అబ్బాయిగారూ, అమ్మాయిగారూ" అనేవాడు. తెలంగాణలో ఆసాములు "దొరా", "పటేలా" అనిపించుకున్నారు. మన వరసలు ఎంత ఆప్యాయమైనవో చెప్పే పెద్దలు ఈ ముక్క దాటేస్తారు, నాకు నచ్చదు. మీరు ఊరెళ్తే వయసులో పెద్దవాళ్లందరినీ వరసతోనో, కనీసం గారు చేర్చో పిలవండి. ఎవరింటికీ మినహాయింపు వద్దు.

ఇక పిలుపుల్లో ప్రాంతాల తేడాలు. లెక్క మారదు, పేర్లు మారతాయి. మా వైపు బాబాయి తెలంగాణలో చిన్నాయిన, కాక. పెద్దమ్మని దొడ్డమ్మ అనే ఇళ్లున్నాయి. నాయనమ్మ కొన్నిచోట్ల మామ్మ, బామ్మ, సీమలో జేజి, అవ్వ. తెలంగాణలో చాలా ఊళ్లలో అవ్వ అంటే అమ్మే, కాబట్టి "మీ అవ్వ బాగుందా?" అని అడిగే ముందు ఏ జిల్లాలో ఉన్నారో చూసుకోండి.

అమెరికాలో పుట్టిన మనవలకి నేను అందరినీ అంకుల్, ఆంటీ అనొద్దని చెప్పను. వాళ్లకి పొలమూ లేదు, మేనరికమూ లేదు, ఎవరు ప్లస్సో ఎవరు మైనస్సో తెలిసి తీరాల్సిన అవసరమూ లేదు. సొంత మేనమామనీ నాన్న ఆఫీసు స్నేహితుణ్ణీ ఒకే మాటతో పిలిస్తే మాత్రం ఊరుకోను. వాళ్లకి నాలుగు మాటలు చాలంటాను: పెదనాన్న లేక బాబాయి, పిన్ని లేక పెద్దమ్మ, అత్త, మామ. మిగిలినవి కాగితం మీద కట్టుకోవచ్చు.

శుభలేఖలు పంచడానికి బయల్దేరే ముందు మీ ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గర గంటసేపు కూర్చుని, వెళ్లబోయే ఇంటింటికీ రెండే విషయాలు రాసుకోండి: ఆ ఇంటి పెద్ద మీ నాన్నకేమవుతాడు, ఇంటావిడ మీ అమ్మకేమవుతుంది. ఇంటిపేరు, గోత్రం ఆవిడ అడక్కుండానే చెబుతుంది. అప్పటికీ ఎవరింట్లోనైనా లెక్క తెగకపోతే, రెండు వరసలూ తగిలి ఏది అనాలో తోచకపోతే, పెద్ద వరసతో పిలిచేయండి. బావ కావాల్సినవాణ్ణి మామయ్యా అన్నా ఎవరూ నొచ్చుకోరు. మామయ్యని బావా అంటేనే చిక్కు.